ఎఫ్‌సీకి ముందు వారం

బండి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు దగ్గరపడిందంటే లారీ యజమాని ముందుగా చేసే పని కిరాయిలు ఒప్పుకోవడం మానేయడం. తర్వాత బండిని షెడ్డుకు తోలి చక్రాలు విప్పిస్తాడు. డ్రమ్ముల్లో బ్రేక్ లైనింగు ఎంత మిగిలిందో చూపించుకుంటాడు, విరిగిన కమాన్ కట్ట మార్పిస్తాడు, పగిలిన ఇండికేటరు అద్దం వేయిస్తాడు, చివరగా రంగు కొట్టించి వెనక ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కరు అంటిస్తాడు. ఆటో డ్రైవరుదీ ఇదే వరస, కాకపోతే ఖర్చు తక్కువ, అప్పు ఎక్కువ. ఈ హడావిడిని చూసి చాలామంది అనే మాట ఒకటుంది: ఇదంతా రవాణా శాఖ బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు చూపించడానికి వేసే వేషం, తేదీ ముందే తెలిసిన తనిఖీ ఒక తనిఖీయేనా అని. మన దేశంలో వాహన తనిఖీ నడిచి వచ్చిన దారిని చూస్తే నాకు దీనికి సరిగ్గా ఎదురైన సంగతి కనిపిస్తుంది. తనిఖీ వల్ల రోడ్డు మీద ప్రాణాలకు కలిగిన మేలులో పెద్ద వాటా తనిఖీ మైదానంలో గడిచే కొద్ది నిమిషాలది కాదు, దానికి ముందు షెడ్డులో గడిచే వారానిది. తేదీ ముందే తెలియడం ఈ ఏర్పాటులోని లోపం కాదు, ఏర్పాటు పనిచేసేదే దాని వల్ల. చట్టం రాసినవాళ్లు ఈ సంగతి ఎరిగినప్పుడు తనిఖీ బతికింది. మరచినప్పుడల్లా అది వట్టి రుసుముగా మిగిలింది.

మోటారుకు ముందే ఈ కథ మొదలైంది. 1861లో వచ్చిన స్టేజి క్యారేజీల చట్టం గుర్రపు బళ్లలో కిరాయికి జనాన్ని ఊరి నుంచి ఊరికి చేరవేసేవారికి లైసెన్సు తప్పనిసరి చేసింది. బండి పనికిరానిదైనా, ప్రమాదకరమైనా, జనం ఎక్కడానికి తగనిదైనా లైసెన్సు నిరాకరించే అధికారం మేజిస్ట్రేటుకు ఇచ్చింది. ఆ లైసెన్సు చెల్లేది ఏడాది. అంటే ఏడాదికోసారి ఆ ప్రశ్న మళ్లీ లేస్తుంది: ఈ బండి ఇంకా జనానికి పనికొస్తుందా? 1879 నాటి హాక్నీ క్యారేజీల చట్టం, ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ 1911లో చేసుకున్న సొంత చట్టం ఇదే దారిలో పట్టణాల్లోని అద్దె బళ్లను లైసెన్సు కిందికి తెచ్చాయి. మన జట్కా బళ్లు మునిసిపాలిటీ బిళ్ల తగిలించుకుని తిరిగింది ఈ వరసలోనే. మోటారు వాహనానికి ఇవాళ మనం వేసే ప్రశ్నలన్నీ ఆనాడే కర్ర చక్రానికీ, జీనుకూ, గుర్రం ఆరోగ్యానికీ వేశారు. అయితే మేజిస్ట్రేటు బండిని చూసి అవును, కాదు అనడంతో ఆగిపోయాడు. చూపించడానికి వచ్చేలోపు యజమాని ఏం చేయాలన్నది ఇంకా ఎవరి దృష్టికీ రాలేదు.

దాన్ని దృష్టికి తెచ్చినవి బండ్లు కావు, బాయిలర్లు. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి ప్రాణాలు పోయాక, మరుసటి ఏడాదే బెంగాలులో ఆవిరి బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చింది. మిగతా రాష్ట్రాలు తలో చట్టం చేసుకున్నాయి. 1923లో అన్నిటికీ కలిపి ఇండియన్ బాయిలర్స్ యాక్టు వచ్చింది. వాహన తనిఖీ చరిత్ర రాసేవాళ్లు ఈ చట్టాన్ని తిరగెయ్యరు గానీ, నా దృష్టిలో అసలు తాళంచెవి అందులోనే ఉంది. అది రెండు సంగతులు చెప్పింది. ఒకటి, దరఖాస్తు అందాక ఇన్‌స్పెక్టరు ముప్పై రోజుల లోపు ఒక తేదీ ఖాయం చేయాలి, ఆ తేదీకి కనీసం పది రోజుల ముందు యజమానికి కబురు చేయాలి. రెండు, ఆ రోజుకు బాయిలరును పరీక్షకు తగినట్టు సిద్ధం చేసి ఉంచడం యజమాని విధి. ముందు కబురు చేయడం ఇక్కడ మర్యాద కోసం పెట్టింది కాదు, అది పరీక్షలో భాగం. మండుతున్న బాయిలరు లోపల ఏముందో ఏ ఇన్‌స్పెక్టరూ చూడలేడు. అది చల్లారాలి, నీళ్లు తోడెయ్యాలి, లోపల పేరుకున్న పెచ్చు గీకాలి, మూతలు విప్పాలి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఆవిరితో నడిచిన బియ్యం మిల్లుల వాళ్లకు ఈ పద్ధతి కొత్తగా చెప్పనక్కర్లేదు. పెచ్చు గీకుతున్నప్పుడే పగులు బయటపడుతుంది. అది కనిపెట్టేది చాలాసార్లు మిల్లు ఫిట్టరే, దొరగారు వచ్చేసరికి అది సరి అయిపోయి ఉంటుంది. పరీక్షలో ఏ లోపమూ కనిపించకపోతే పరీక్ష దండగ అయినట్టు కాదు. జర్మనీలో ఇవాళ కార్లను పరీక్షించే ట్యూఫ్ సంస్థలు పుట్టింది కూడా బాయిలర్ల దగ్గరే. 1865లో మాన్‌హైమ్‌లో ఒక బీరు కర్మాగారం బాయిలరు పేలాక, మరుసటి ఏడాది అక్కడి యజమానులే కూడి తనిఖీ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘాల వారసులే తర్వాత మోటార్ల దగ్గరికి వచ్చారు.

మన మోటారు చట్టం మాత్రం బాయిలరు దగ్గర నేర్చుకోలేదు. 1914 నాటి మొదటి అఖిల భారత మోటారు వాహనాల చట్టం రిజిస్ట్రేషను, డ్రైవరు లైసెన్సు లాంటి మొదటి అవసరాలు చూసుకుని మిగతాది రాష్ట్రాల నిబంధనలకు వదిలింది. 1930లో బ్రిటన్ రోడ్డు ట్రాఫిక్ చట్టం ప్రజా రవాణా బస్సులకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పెట్టింది. ఆ మాట మనకు 1939 మోటారు వాహనాల చట్టంతో వచ్చింది. రవాణా వాహనానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకపోతే దాని రిజిస్ట్రేషనే చెల్లనట్టు లెక్క అని ఆ చట్టం అంది. 1988 చట్టం 56వ సెక్షనులో ఆ సూత్రాన్నే నిలబెట్టింది. ఎంత కఠినమైన మాటో గమనించండి. ఎఫ్‌సీ దాటిన లారీ చట్టం కంటికి అసలు లారీయే కాదు.

ఇక్కడ చరిత్రకారులు ఒక అభ్యంతరం లేవదీస్తారు, అది తోసెయ్యదగింది కాదు. 1939 చట్టం జనం ప్రాణాల కోసం పుట్టలేదు, రైల్వేల ఖజానా కోసం పుట్టిందంటారు. ఆర్థిక మాంద్యంలో రైళ్లు ఆదాయం పోగొట్టుకున్నాయి. ఒక్క బస్సు, మహా అయితే రెండు బస్సులున్న చిన్న యజమానులు రైలు పట్టాల పక్కనే చవగ్గా జనాన్ని చేరవేస్తున్నారు. మిచెల్, కిర్క్‌నెస్ 1933లో ఇచ్చిన నివేదికా, 1937లో వెడ్జ్‌వుడ్ కమిటీ చెప్పిందీ ఈ పోటీ గురించే. నిజమే, పర్మిట్ల అధ్యాయం మీద రైల్వే నీడ దట్టంగా ఉంది. ఫిట్‌నెస్ నిబంధనను కూడా చిన్న యజమానిని కట్టడి చేయడానికి వాడుకోవచ్చని కొందరు అనుకుని ఉండవచ్చు. అయితే ఒక నియమం ఏ ఉద్దేశంతో పుట్టిందో అదే దాని గుణమని తేల్చలేం. బ్రేకులు పట్టని బస్సు రైలుకు పోటీ అయినా కాకపోయినా ఘాటు రోడ్డులో ఒకేలా జారుతుంది. పైగా ఆ పోటీయే ఫిట్‌నెస్‌ను అవసరం చేసింది. టికెట్టు ధర తగ్గించి నెగ్గాలంటే యజమాని మొదట కోత పెట్టేది మరమ్మతుకే. యుద్ధకాలంలో పెట్రోలుకు కరువొచ్చి వెనక బొగ్గు గ్యాసు ప్లాంటు తగిలించుకుని బస్సులు నడిచిన రోజుల్లో, విడిభాగాలు దొరక్క, ఉన్నవాటితోనే నెట్టుకొచ్చారు. ఆ కాలానికి నేను తప్పు పట్టను. కానీ మరమ్మతు మానుకునే అలవాటు అలాంటి కాలాల్లోనే ముదురుతుంది.

తెలుగు నేల మీద రెండు దారులు పక్కపక్కన నడవడం ఈ వాదనకు మంచి సాక్ష్యం. హైదరాబాదు సంస్థానంలో 1932 జూన్‌లో నిజాం రైల్వేలోనే ఒక శాఖగా రోడ్డు రవాణా మొదలైంది, 27 బస్సులు, 166 మంది సిబ్బందితో. ఆ శాఖను నడిపినవాళ్లు రైల్వే మనుషులు. రైలు పెట్టె చెడిపోయేదాకా ఎవరూ ఆగరు. ఫలానా గడువుకు అది వర్క్‌షాపు చేరాలి, చక్రాలు దించాలి, ఇరుసు చూడాలి, మళ్లీ పట్టాలెక్కాలి. బస్సుకు ఆ క్రమశిక్షణ బయటి ఇన్‌స్పెక్టరు నేర్పనక్కర్లేకపోయింది, పుట్టింట్లోనే ఉంది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఆ వారసత్వాన్ని అందుకుంది. డిపోలో రోజువారీ చూపు నుంచి, ఇన్ని కిలోమీటర్లకు ఇంత పని అనే షెడ్యూళ్ల దాకా అదే పద్ధతి. కోస్తాలో మాత్రం ఆర్టీసీ వచ్చేదాకా బస్సు ప్రైవేటు యజమానిది. అతడికి వర్క్‌షాపు లేదు, షెడ్యూలు లేదు. ఏడాదిలో ఒక్క తేదీ ఉంది. ఆ ఒక్క తేదీ చుట్టూ ఒక లోకమే పెరిగింది: లైనింగులు వేసేవాళ్లు, కమాన్ కట్టలు కొట్టేవాళ్లు, టింకరింగు, పెయింటింగు, ఎలక్ట్రీషియన్లు, బాడీ బిల్డర్లు. విజయవాడ ఆటోనగర్‌కు పెద్ద పేరు తెచ్చింది ఈ చేతిపనులే. వాటికి ఏడాది పొడుగునా పని దొరకడానికి గల కారణాల్లో ఎఫ్‌సీ గడువు ఒకటి. సొంత డిపో లేని యజమానికి ఆ వీధులే డిపో. తేదీ అతణ్ని అక్కడికి నడిపించింది.

ఇంతకీ మైదానంలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఏం చూడగలడు? ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన అచ్చు, రిజిస్ట్రేషను పుస్తకంతో సరిపోల్చగలడు. లైట్లు, హారను, వైపరు, అగ్నిమాపక సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె, అత్యవసర ద్వారం చూడగలడు. టైరు గాడి లోతు కొలవగలడు. పెద్ద బళ్లకు అది 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బండిని కాస్త దూరం నడిపించి బ్రేకు తొక్కించగలడు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి 13 మీటర్లలో ఆగాలని 1989 నిబంధనలు చెబుతున్నాయి. ఆగిందా, సరే. ఆ డ్రమ్ము లోపల లైనింగు రేపటికే ఉందా, ఆరు నెలలకుందా అన్నది ఆ తొక్కులో తెలియదు. స్టీరింగు జాయింట్లలో ఎంత ఆట ఉందో చక్రం పైకి లేపి ఊపితే తప్ప తెలియదు. రోజుకు పదుల కొద్దీ బళ్లు వరసకట్టే చోట ప్రతి చక్రాన్నీ విప్పడం జరగని పని. కాబట్టి బండి లోపలి సంగతి నిజంగా చూసేది చక్రం విప్పిన మెకానిక్కే. ఇన్‌స్పెక్టరు చూస్తాడన్న భయం ఆ చక్రం విప్పిస్తుంది.

దీనికి ఎదురుగా వచ్చే అతి బలమైన ఆక్షేపణ అందరికీ తెలిసిందే. మంచి టైర్లు అద్దెకు తెచ్చి, ఎఫ్‌సీ అయ్యాక విప్పి ఇచ్చేసే పద్ధతి ఉంది. వేగనియంత్రణ పరికరం వైరు ఆ రోజుకు కలిపి మర్నాడు పీకేసేవారున్నారు. బ్రోకరు చేతిలో కాగితాలు పెట్టి, బండిని గేటు దాకా తేవడం కూడా దండగ అనుకునేవారున్నారు. తేదీ తెలియకుండా రోడ్డు మీద ఆకస్మికంగా పట్టుకుంటేనే అసలు రంగు బయటపడుతుందని వీళ్లను చూపించి అంటారు. మోసం ఉంది, దాన్ని చిన్నది చేసి చూపడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ మోసం ఏ వస్తువుల్లో జరుగుతుందో చూడండి. అరగంటలో బిగించి అరగంటలో విప్పగలిగిన వాటిలో. బ్రేక్ లైనింగును ఎవరూ అద్దెకివ్వరు. కింగ్ పిన్ను, కమాన్ కట్ట, వీల్ బేరింగు ఒకసారి బిగిస్తే బండిలోనే ఉంటాయి, వాటిని విప్పే కూలి వాటి ఖరీదంత అవుతుంది. తేదీ కోసం చేసిన పనిలో వేషం పైపైన ఉంటే, మరమ్మతు అడుగున నిలుస్తుంది. రోడ్డు మీది ఆకస్మిక తనిఖీకి దాని పని దానికుంది. అద్దె టైర్లను, పీకేసిన వైర్లను, కిక్కిరిసిన బండిని పట్టాల్సింది అదే. సర్టిఫికెట్‌ను మధ్యలో రద్దు చేసే అధికారం చట్టం అందుకే ఇచ్చింది. కానీ జాతీయ రహదారి పక్కన నిలబెట్టిన లారీ చక్రాన్ని ఎవరూ విప్పించలేరు. ఆకస్మిక తనిఖీ తప్పును పట్టుకుంటుంది, మరమ్మతుకు గడువివ్వదు. గడువు తెలిసిన తనిఖీకి బెదిరింపు తక్కువ, మరమ్మతు ఎక్కువ.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో లోయలో పడిన బస్సులో నూరుమందికి పైగా ఉన్నారు, అరవైమందికి పైగా చనిపోయారు. అంత జనాన్ని ఎక్కించిన బస్సును ఏ ఫిట్‌నెస్ కాగితమూ కాపాడలేదు. తనిఖీ చేసేది బండిని, ప్రయాణాన్ని కాదు. ఇది తనిఖీకి ఉన్న హద్దు. హద్దు ఉంది కాబట్టి అక్కర్లేదనడం సబబు కాదు.

బయటి దేశాల అనుభవం ఏం చెబుతుంది? బ్రిటన్‌లో 1956 చట్టం ఇచ్చిన అధికారంతో 1960 సెప్టెంబరులో సొంత కార్లకు పరీక్ష పెట్టారు. మొదట పదేళ్లు దాటిన బళ్లకే. తప్పిన బళ్ల సంఖ్య చూసి కంగారుపడి 1961లోనే దాన్ని ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు దించారు. పరీక్ష చేసేది ఊళ్లోని గ్యారేజీలే కాబట్టి, చూపించడమూ బాగు చేయించడమూ ఒకే కొట్టు దగ్గర సాగాయి. జర్మనీలో 1951 నుంచి నిర్ణీత కాల పరీక్ష తప్పనిసరి అయింది. 1961లో నంబరు పలక మీద గుండ్రటి బిళ్ల వచ్చింది, మళ్లీ పరీక్ష ఏ నెలలో, ఏ సంవత్సరంలో అన్నది దాని మీదే ఉంటుంది, రంగు ఏటేటా మారుతుంది. తేదీని దాచడం కాదు, వీధిలో అందరికీ కనిపించేలా అతికించారు. మన లారీల మీద ఎఫ్‌సీ గడువును రంగుతో రాయించడంలోనూ ఇదే తెలివి ఉంది. ఆ రాతను యజమానికి పోలీసు భయంగా కాక, పని తలపించే గుర్తుగా వాడుకునేలా చేయడంలో మాత్రం మనం వెనకబడ్డాం.

తేదీ సుంకంగా మారిన తీరు ఇటీవలి చరిత్రలోనే ఉంది. 2016 చివర్లో కేంద్రం రుసుములు సవరించినప్పుడు, ఫిట్‌నెస్ గడువు దాటితే రోజుకు 50 రూపాయల చొప్పున అదనపు రుసుము పెట్టింది. గడువు దాటి ఏడాదైన ఆటోకు అది పద్దెనిమిది వేలు దాటుతుంది. జబ్బు చేసి బండి మూలనపెట్టినవాడికీ, లాక్‌డౌన్‌ తర్వాత మళ్లీ బండి తీద్దామనుకున్నవాడికీ ఆ మొత్తం మీద పడింది. తెలుగు రాష్ట్రాల ఆటో, క్యాబు, లారీ సంఘాలు రోడ్డెక్కింది అందుకే. ఈ రుసుమును సమర్థించేవారు గడువు పాటింపజేయడానికే పెట్టామంటారు. ఆ వాదన మొదటి నెలకు పనికొస్తుంది. ఆ తర్వాత పనికిరాదు సరికదా, ఎదురు తిరుగుతుంది. చేతిలో ఉన్న డబ్బు లైనింగులకు పెట్టాలా, జరిమానాకు పెట్టాలా అన్న చోటికి మనిషిని తెచ్చి నిలబెట్టాక, జరిమానా కట్టి లైనింగులు మానుకుంటాడు, లేదా రెండూ మానుకుని రాత్రి పూట బండి తిప్పుతాడు. 1923లో బాయిలరు యజమానికి పది రోజుల ముందు కబురు చేయమన్న చట్టం, సిద్ధపడటానికి సమయం కావాలని ఎరిగింది. రోజుకింత అన్న లెక్కలో ఆ ఎరుక లేదు. 2018 నవంబరులో ఎనిమిదేళ్ల లోపు రవాణా వాహనాలకు ఎఫ్‌సీ రెండేళ్లకోసారి చాలునని, ఆ పైబడినవాటికి ఏటా అని మార్చడం మాత్రం కొంత వివేకం. అరుగుదల వయసుతో పెరుగుతుంది కాబట్టి తేదీలు కూడా వయసుతో దగ్గరపడాలి.

ఇప్పుడు యంత్రాల కాలం. 2019 సవరణ చట్టం ఆటోమేటిక్ టెస్టింగ్ కేంద్రాల్లోనే ఫిట్‌నెస్ ఇవ్వాలంది, 2021లో వాటికి నిబంధనలు వచ్చాయి. పెద్ద బళ్లకు 2023 ఏప్రిల్ 1 అన్న గడువును తర్వాత 2024 అక్టోబరుకు జరిపారు. రోలర్ల మీద చక్రం తిప్పి కుడి, ఎడమల మధ్య బ్రేకు పట్టులో తేడా ఎంతో అంకెల్లో చూపించడం కంటితో అయ్యే పని కాదు. దీన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. యంత్రం లంచం తీసుకోదన్నది అంత ముఖ్యం కాదు. యంత్రం ఇచ్చిన అంకె చేతికొస్తే మెకానిక్కు ఏం బాగుచేయాలో తెలుస్తుంది. కానీ టెస్టింగ్ కేంద్రం ఎంత దూరంలో ఉంది, స్లాటు ఎన్నాళ్లకు దొరుకుతుంది, తప్పితే మళ్లీ ఎన్నాళ్లకు అన్నవి యంత్రం తేల్చే సంగతులు కావు. నూరు కిలోమీటర్లు బండి తోలుకుపోయి, చిన్న లోపానికి తప్పి, మళ్లీ స్లాటు కోసం ఎదురుచూసే యజమాని రెండు రోజుల కిరాయి పోగొట్టుకుంటాడు. మొదట షెడ్డులోనే, అధికారికంగా కాకపోయినా, అదే రకం రోలరు మీద ఒకసారి చూసుకునే వీలుంటే అతడు సిద్ధపడి వస్తాడు. ఆటోనగర్లలో అలాంటి యంత్రం సంఘం ఖర్చుతో పెట్టించడం ప్రభుత్వానికి భారమేమీ కాదు.

మన దగ్గరే ఒక మంచి నమూనా ఉంది, దాన్ని ఎందుకు విస్తరించలేదో నాకు అర్థం కాదు. తెలుగు రాష్ట్రాల్లో బడి బస్సులకు ఫిట్‌నెస్ గడువు మే 15తో ముగుస్తుంది. బస్సు ఏ నెలలో రిజిస్టరు అయిందన్నది చూడరు. సెలవుల్లో బస్సు ఖాళీగా ఉంటుంది, షెడ్డులో వారం పెట్టినా ఎవరి చదువూ ఆగదు, జూన్‌లో బడి తెరిచే నాటికి కొత్తగా చూసిన బ్రేకులతో రోడ్డెక్కుతుంది. జూన్ మొదటి వారం దాకా లాగి, చివరి రోజుల్లో రవాణా కార్యాలయాల ముందు బారులు తీరే బస్సులూ ఉన్నాయి, అది యాజమాన్యాల అలసత్వం. కానీ ఆ తేదీ వెనకున్న ఆలోచన సరైనది. రిజిస్ట్రేషను నాడు పడిన అంకె ప్రకారం కాక, బండి చేసే పని ప్రకారం గడువు పెట్టారు. చెరకు తోలే లారీకి, ట్రాలీకి గానుగ ఆడే కాలానికి ముందు, ధాన్యం తోలేవాటికి కోతలకు ముందు, గుంటూరు యార్డుకు మిర్చి తెచ్చేవాటికి సీజనుకు ముందు గడువు పడితే, యజమాని కిరాయి పోగొట్టుకోకుండానే షెడ్డుకు వెళ్తాడు, బరువు మోయబోయే నెలల ముందే బండి బాగుపడుతుంది. గడువులన్నీ ఒకే నెలలో పడితే కార్యాలయాలు తట్టుకోలేవని అధికారులు అంటారు. చెరకు, వరి, మిర్చి ఒకే నెలలో రావు. జిల్లాకో పంట, పంటకో కాలం ఉన్న చోట స్లాట్లు ఏడాది పొడుగునా వాటంతట అవే సర్దుకుంటాయి. పంటల కాలం, మార్కెట్ యార్డుల సీజన్లు ప్రతి జిల్లా కలెక్టరేటులో ముందే తెలిసినవే, వాటిని రవాణా శాఖ స్లాట్ల పట్టికతో కలపడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.